ఊరందరి హెల్మెట్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళంతా అంటారు. ఉంటే ఉందిలే. నా మేనకోడలికి మాత్రం బతుకుతెరువే ముక్కు మీద ఉండేది. నేను భట్టీ తలుపు తెరిచి, బన్నులు ఎర్రబడ్డాయా, ఇంకాస్త ఆగాలా అని తొంగిచూస్తుంటే, అది ముందు గదిలో కౌంటర్ దగ్గర నుంచే "తీసెయ్యి అత్తా, అయిపోయాయి" అని కేకేసేది. తీసి చూస్తే సరిగ్గా అయిపోయి ఉండేవి. మా భట్టీ పాతది. వేడి చూపించే ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. అన్నయ్య కూతుర్ని ప్రేమకొద్దీ నా దగ్గర ఉంచుకున్నానని చెప్పుకుంటాను కానీ, అందులో సగం ప్రేమ ఆ ముక్కు మీదే. నా మోకాళ్ళు మొరాయించాక బేకరీ దానిదేనని పదిమందిలో చెప్పేశాను కూడా.

దాన్ని అందరూ బొంగరం అంటారు. ఆ పేరు నేనే పెట్టాను. పని అయిందంటే చాలు, స్కేట్‌బోర్డు చంకన పెట్టుకుని వీధి చివర పార్కుకు పరుగు. అక్కడి సిమెంటు గుంటలోకి సర్రున జారి, అవతలి అంచు మీద గిర్రున తిరిగి వచ్చేది. చూద్దామని ఒకసారి వెళ్ళాను. సగం సేపు కళ్ళు మూసుకునే ఉన్నాను.

ఆ పార్కు గేటుకు ఒక బోర్డు ఉండేది: 'హెల్మెట్, మోకాలి ప్యాడ్లు ధరించడం మంచిది.' మంచిదట! పళ్ళు తోముకోవడం కూడా మంచిదే. బోర్డు కింద ఒక ప్లాస్టిక్ తొట్టి, దాన్నిండా పార్కు వాళ్ళ హెల్మెట్లు. కావలసినవాళ్ళు పెట్టుకోవచ్చు, అక్కర్లేనివాళ్ళు మానెయ్యవచ్చు. వాటిని ఎవరూ కడిగిన పాపాన పోలేదు. ఎండకు చెమట, వానకు బూజు.

"ఒకటి తీసి పెట్టుకోవే, పోయేదేముంది?" అన్నాను ఆ రోజు.

"అందులో తల పెడితే ఊరందరి చెమటా నా నెత్తి మీదే అత్తా. ఆ కంపుకి వాంతొస్తుంది నాకు."

"అయితే కొత్తది కొంటా."

"వద్దు. అక్కడ ఎవరూ పెట్టుకోరు. నేనొక్కదాన్నే పెట్టుకుంటే నవ్వుతారు."

"నవ్వితే నీ సొమ్మేం పోయింది?" అన్నాను. అది వింటే కదా.

పడిపోయిన రోజు కూడా నవ్వుకుంటూనే వచ్చింది. మోచేయి గీరుకుపోయింది, తల వెనక నిమ్మకాయంత బొప్పి. రక్తం చుక్క లేదు. "నా తల గట్టిది అత్తా, అంతా నీ పోలికే" అంది. మంచుముక్క గుడ్డలో చుట్టి పెడుతూ, నోటికొచ్చినట్టు తిట్టాను. రాత్రి అన్నం దగ్గర కూర ఏ రుచీ లేదంటే, చేసి పెట్టేవాళ్ళు ఉంటే వంకలకేం లోటని దానికీ తిట్టాను.

ఆ మర్నాడు నేను పిండి బస్తా కోసం వెళ్ళి వస్తుంటే, వీధి మలుపులోనే మాడు వాసన ముక్కుకు కొట్టింది. మోకాళ్ళ సంగతి మర్చిపోయి పరిగెత్తాను. లోపలి గది తలుపు కింద నుంచి పొగ పాకుతోంది. తలుపుకు వీపు పెట్టి, కూనిరాగం తీసుకుంటూ బొంగరం పొట్లాలు కడుతోంది.

"కళ్ళు నెత్తికెక్కాయా? కొంప తగలబడుతుంటే ఇక్కడ కూర్చుని పాటలా?" అని అరిచాను.

అది తెల్లబోయి చూసింది. "ఏం మాడింది అత్తా?"

నాలుక చివర ఉన్న తిట్టు అక్కడే ఆగిపోయింది. మాడినవన్నీ బయటపడేసి, దాన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకోమని, కాఫీపొడి డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టాను.

"ఏంటిది, చెప్పు."

చాలాసేపు పీల్చింది. "చల్లగా తగిలింది. ఏదో రేకు డబ్బా" అంది. కళ్ళు తెరిచి, లోపలున్న పొడిని చూసి, గట్టిగా ఏడ్చింది.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. వాసన మోసే నరాలు దారాల్లాంటివట. తల వెనక దెబ్బ తగిలితే లోపల మెదడు కదిలి అవి తెగుతాయట. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. "హెల్మెట్ పెట్టుకుని ఉంటే?" అని అడిగాను. "దెబ్బ ఇంత లోతుకు పోయేది కాదేమో" అంది. బొంగరం నేల చూపులు చూస్తూ కూర్చుంది.

ఇంటికొస్తూ దారిలో నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు అత్తా. వాసన తెలీనిదాని చేతి బ్రెడ్డు ఎవరు కొంటారు? ఇంకే బేకరీలో మాత్రం నన్ను పెట్టుకుంటారు?" చెప్పనని ఒట్టు వేశాను.

ఇంతలో పార్కులో ఇంకో పిల్లాడు పడి నుదురు చిట్లి కుట్లు వేయించుకున్నాడు. హెల్మెట్ లేనిదే గేటు దాటనివ్వకూడదని రూలు పెట్టాలా, వద్దా అని పార్కు కమిటీ పెద్దాయన మీటింగు పెట్టాడు. ఒక ఆదివారం పొద్దున్నే, ఆ సిమెంటు గుంట పక్కనే కుర్చీలు వేశారు. తల్లిదండ్రులు ఒక పక్క, పిల్లలు ఒక పక్క.

పిల్లల తరఫున పొడుగోడు లేచాడు. బొంగరానికి మంచి స్నేహితుడు. రోజూ నా దగ్గర నిన్నటి బన్నులు కొనుక్కుపోయేవాడు. "మాలో సగంమందికి సొంత హెల్మెట్లు లేవండి, తొట్టిలోవి తల పెట్టేలా లేవు. రూలు పెడితే గేటు మూసేది వాళ్ళకే. వాళ్ళు ఆడటం మానరు, బస్సుల మధ్య రోడ్డు మీద ఆడతారు. అది నయమా?" అన్నాడు. తీసిపారేసే మాటేం కాదు. నేనే కాసేపు ఆలోచనలో పడ్డాను.

అంతటితో కూర్చుంటే బాగుండేది. పక్కనున్న బొంగరాన్ని చెయ్యి పట్టి లేపాడు. "దీన్ని చూడండి. మాలో ఇంత బాగా ఆడేవాళ్ళు లేరు. మొన్న వెనక్కి పడి తల కొట్టుకుంది. లేచి నవ్వుకుంటూ ఇంటికి పోయింది. ఏమైంది? ఏమీ కాలేదు!"

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒట్టు గుర్తుచేసుకుని పంటి బిగువున కూర్చున్నాను. అది నా వైపు చూసింది. ఇక నా చేతుల్లో ఏమీ లేదు.

వాడి చెయ్యి విడిపించుకుని గేటు దగ్గర తొట్టి దాకా నడిచింది. ముందురోజు వాన కురిసింది. అడుగున ఉన్న హెల్మెట్ ఒకటి లాగితే, లోపలి స్పాంజి నుంచి నల్లటి నీళ్ళు కారాయి. దాన్ని పట్టుకుని కుర్చీల మధ్యకు వచ్చేసరికి ముందు వరసవాళ్ళు వెనక్కి జరిగారు. పెద్దాయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

బొంగరం దాన్ని మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఇప్పటికైనా ఏమన్నా తెలుస్తుందేమోనని వెతుక్కుంటోందని నాకొక్కదానికే అర్థమైంది. తర్వాత నెత్తిన పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించింది. మెడ మీదుగా మురికినీళ్ళు కారుతున్నాయి.

"ఈ కంపు భరించలేకే నేను పెట్టుకోలేదు. ఇప్పుడు నాకేం తెలీట్లేదు. ఆ పడినప్పటి నుంచి ఏ వాసనా తెలీట్లేదు. మీరు రూలు పెడతారో మానతారో మీ ఇష్టం. ఏమీ కాలేదని మాత్రం నన్ను చూపించి చెప్పకండి" అంది.

పొడుగోడి మొహం పాలిపోయింది. రూలు ఆ పూటే ఖాయమైంది.

ఇప్పుడు గేటు దగ్గర ఆ తొట్టి తీసేశారు, వాచ్‌మన్ నిలబడుతున్నాడు. హెల్మెట్ లేని పిల్లలు బయట అరుగు మీద, బోర్డులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. పొడుగోడు బన్నులకు రావడం మానేశాడు. కోపమో, సిగ్గో, నేను అడగలేదు. నా దగ్గర ఏళ్ళ తరబడి బ్రెడ్డు కొనే ఒకావిడ మొన్న బొంగరం కళ్ళముందే పొట్లం విప్పి వాసన చూసి మరీ పట్టుకెళ్ళింది. ఆ పొట్లం లాక్కుని మొహాన కొట్టేదాన్నే. కౌంటర్ కింద బొంగరం నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

భట్టీ పక్కన గంట కొట్టే గడియారం ఒకటి తెచ్చి పెట్టాను. అది మోగితే బొంగరం వెళ్ళి ట్రేలు తీస్తుంది. చాలాసార్లు బాగానే వస్తున్నాయి. కొన్నిసార్లు కాస్త నల్లబడతాయి. అవి మేమిద్దరం తింటాం.

పార్కుకు వెళ్ళనంటోంది. అయినా నిన్న దానికో కొత్త హెల్మెట్ కొని తెచ్చాను. బొంగరం పెట్టె విప్పి, పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని, చటుక్కున ఆగిపోయింది.

"అత్తా, కొత్త వాసన వస్తోందా?"

వస్తోంది. రబ్బరు వాసన, రంగు వాసన. దాన్ని మించి లోపల బన్నులు సరిగ్గా ఎర్రబడిన వాసన, ఆకలి లేనివాళ్ళకూ ఆకలి పుట్టించే వాసన, కొట్టంతా నిండిపోయి ఉంది.

"లేదే తల్లీ. ఏ వాసనా రావట్లేదు" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే."

వెళ్ళి ట్రేలు తీసెయ్యాలి. గంట ఇంకా మోగలేదు. అది మోగేదాకా నేను కదలకుండా బొంగరం పక్కనే నిలబడ్డాను.