రిజిస్టర్లో బర్రెలు

ఆగండి, ఆగండి, ఎక్కడికీ వెళ్ళకండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి వచ్చి కూర్చోండి. ఇది సగంలో వదిలేస్తే బాలనర్సమ్మ మీదే కోపం వస్తుంది మీకు.

రెండు వేల ఎనిమిది, ఆగస్టు నెల. మేడ్చల్ బస్ డిపో వెనక బస్తీలో బాలనర్సమ్మ గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విత్తనాల కంపెనీలో మొక్కజొన్న గింజలు ముందేసుకుని పుచ్చినవీ విరిగినవీ తీసి పారేయడమే ఆమె ఉద్యోగం. ఇంటికొస్తే మళ్ళీ ఏరడమే, కాకపోతే ఇక్కడ కూలి లేదు. లోపల టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్న మొగుడు సిద్దిరాములు తల తిప్పకుండానే అన్నాడు.

"నీ పేరు సూడంగనే బ్యాంకు సారుకు చెమటలు బట్టినయంటగా? మస్తు పేరు సంపాయించినవ్ పో!"

బాలనర్సమ్మ రాయి ఒకటి ఏరి వాకిట్లోకి విసిరింది.

ఆ పొద్దున ఒక పూట కూలి పోగొట్టుకుని కూతురు శృతిని తీసుకుని బ్యాంకుకు వెళ్ళింది. శామీర్‌పేట దారిలోని కాలేజీలో శృతికి నర్సింగ్ సీటు వచ్చింది. మేనేజ్‌మెంట్ సీటు, సర్కారు స్కాలర్‌షిప్ రాదు. ఏడాదికి అరవై వేలు, నాలుగేళ్ళు. మొదటి అరవై వేలూ శనివారం లోపల ఒకేసారి కట్టాలి, లేకపోతే సీటు ఇంకొకరికి. చదువు అప్పు కాగితాల మీద పిల్లతో పాటు తల్లో తండ్రో సంతకం పెట్టాలన్నారు. జీతం చీటీ ఉన్నది తల్లికే కాబట్టి తల్లే వెళ్ళింది. మేనేజరు పట్టాభిరామయ్య ఆమె పేరు కంప్యూటర్లో కొట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ పేరు మీద ఆటో లోను ఉందమ్మా. కట్టలేదు. బండి లాక్కెళ్ళినా ఇంకా బాకీ చూపిస్తోంది. మీ సంతకంతో నేను లోను ఇవ్వలేను."

"ఆటో నేను నడపలే సారూ. నాకు సైకిల్ గూడ రాదు."

"మీరు నడిపారా లేదా అని ఇందులో ఉండదమ్మా, పేరే ఉంటుంది. మీ ఆయన పేరు మీద చూశాను, ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ఆయన్ని తీసుకురండి, సంతకం పెట్టమనండి. రెండు రోజుల్లో చేసి పెడతాను."

శుభ్రంగా ఉంది. ఆ మాట బస్తీ దాకా ఆమె వెంటే నడిచొచ్చింది. ఎందుకుండదు శుభ్రంగా? నాలుగేళ్ళ కింద సెవెన్ సీటర్ ఆటో కొనేటప్పుడు గాజులరామారంలో పేరుబలం చూసే ఆయన దగ్గరికి వెళ్ళొచ్చి, "నా పేరు మీద కలిసిరాదంట, ఇంటిదాని పేరు మీదనే తియ్యాలంట" అన్నాడు కదా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు, వెనకాల ఎర్ర రంగుతో 'బాలనర్సమ్మ' అని రాయించాడు. ఆ అక్షరాలు సుచిత్ర చౌరస్తా దాకా వెళ్ళొస్తుంటే, నిజం చెప్పొద్దూ, ఆమె గుండె పొంగింది. పుట్టి బుద్ధెరిగాక తన పేరు అంత పెద్దగా ఎక్కడా చూసుకోలేదు మరి! కిస్తులకని తన కూలీలోంచి నెలనెలా లెక్కపెట్టి అతని చేతికిచ్చింది. అవి ఫైనాన్సు దాకా పోలేదని తెలిసింది ఎప్పుడనుకున్నారు? వసూలు వాళ్ళు వాకిట్లో నిలబడి, "బాలనర్సమ్మ ఎవరే? బయటికి రా" అని బస్తీ మొత్తం వినేలా అరిచిన రోజున. ఆ రోజు సిద్దిరాములు సూరారంలో అక్క ఇంట్లో ఉన్నాడు. వారం తర్వాత వచ్చి, అన్నం కలుపుకుంటూ, "నీ పేరే మంచిది గాదు" అన్నాడు.

ఇప్పుడు బియ్యం చాట పక్కన పెట్టి, అతని ముందుకెళ్ళి నిలబడింది.

"సంతకం వెట్టు. పిల్ల సదువుకు."

"నేనా? నా పేరు సాఫ్ ఉన్నదని సారే చెప్పిండు గదా. దాన్నెందుకు ఖరాబ్ జేసుకోవాలె? మొగోని పేరు పోతే ఇజ్జత్ పోతది. నీకేంది, నీది ఎట్లాగూ పోనే పోయింది."

శృతి తలుపు దగ్గర నిలబడి వింటోంది. సిద్దిరాములు బిడ్డ వైపు చూసి, గొంతు మెత్తగా చేశాడు.

"పెడ్త గని, ఒక్క పని జెయ్. బుధవారం మీ సంఘంల లోన్ ఇస్తున్నరు గదా, నీ ఇరవై వేలు దీస్కోని నాకియ్యి. మా దోస్తు పర్మేశ్ పాత ఆటో అమ్ముతుండు. నాకు బండి, బిడ్డకు సదువు. గంతే."

ఆ ఇరవై వేలు శృతికే కట్టొచ్చు కదా అంటారేమో. మూడో వంతు ఫీజు పట్టుకెళితే కాలేజీ గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. బ్యాంకు అప్పు ఒక్కటే దారి, దానికి సిద్దిరాములు సంతకం ఒక్కటే తాళంచెవి.

సంఘం గురించి రెండు మాటలు చెప్పాలి. పదిమంది ఆడవాళ్ళ పొదుపు సంఘం. అప్పు సంఘం పేరు మీద వస్తుంది కాబట్టి విడివిడిగా ఎవరి పేరూ కంప్యూటర్లో చూడరు. కానీ ఒక్కతి కట్టకపోతే పదిమందికీ మళ్ళీ అప్పు పుట్టదు. అప్పు కావలసిన మనిషి నలుగురి ముందు లేచి నిలబడి ఎందుకో గట్టిగా చెప్పాలి, లీడర్ దుర్గమ్మ రిజిస్టర్లో రాసుకోవాలి. అందరూ చెప్పేది ఒకటే, బర్రె కోసమని. రిజిస్టర్లో ఇప్పటికి పధ్నాలుగు బర్రెలున్నాయి, బస్తీలో వెతికితే పేడ కూడా దొరకదు. ఒక బర్రె ఎవరి మొగుడికో సెల్‌ఫోన్ల డబ్బా కొట్టు అయింది, ఒక బర్రె మరిది పెళ్ళి ఊరేగింపులో డప్పుల పాలైంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

మంగళవారం రాత్రి శృతి తల్లి పక్కన పడుకుని నెమ్మదిగా అంది. "అమ్మా, బర్రె అని చెప్పరాదే. అందరు చెప్తరు గదా."

బాలనర్సమ్మ బిడ్డ జుట్టు సవరించింది. ఎలాగోలా కడదాం, ఓవర్‌టైం చేద్దాం, ఆదివారాలు కాలనీలో గిన్నెలు తోముదాం అని తెల్లారేదాకా తనకి తాను చెప్పుకుంటూనే ఉంది. వెనకటి కిస్తులప్పుడు కూడా ఇవే మాటలు చెప్పుకుంది.

బుధవారం దుర్గమ్మ అరుగు మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. బాలనర్సమ్మ పక్కన అండాలు కూర్చుంది. కాలనీలో ఆరిళ్ళు ఊడ్చి తుడిచే మనిషి. వచ్చే విడతలో తనకి అప్పు వస్తే కూతురి కాన్పు సర్కారు పెద్దాసుపత్రిలో కాకుండా మంచి చోట చేయిస్తానని నెల్లాళ్ళుగా చెబుతోంది. "ఏందే నర్సమ్మా, నువ్వు గూడ బర్రెను కొంటున్నవా? నాకో గిలాసెడు పాలు పొయ్యి!" అందరూ నవ్వారు, దుర్గమ్మ కూడా.

"బాలనర్సమ్మ. దేనికోసం?"

ఆమె లేచింది. మనసులో ఆ మాట తయారుగానే ఉంది. తొమ్మిది మొహాలు నవ్వుతూ ఆమె వైపు తిరిగి ఉన్నాయి. వాకిట్లో నిలబడి ఈసారి ఒక్కొక్కరి పేరూ పెట్టి అరుస్తున్న వసూలు వాళ్ళ గొంతు ఆమె చెవిలో మోగింది. అండాలు ఎవరే, బయటికి రా. దుర్గమ్మ ఎవరే.

"బర్రె గాదు" అంది. "మా ఆయన ఆటోకు. ఎనుకటి బండి కిస్తులు గట్టలే. ఇది గూడ గట్టడు."

దుర్గమ్మ పెన్ను ఆగిపోయింది. మెచ్చుకుంటారనుకున్నారా? ఎవరూ మెచ్చుకోలేదు. అండాలు చెయ్యి పట్టి కిందికి లాగింది. "నీకు పిచ్చి లేసిందా? నోరు మూస్కోని బర్రె అంటే అయిపోవు గదనే. రేపు మా బర్రెలు ఏడున్నయ్ అని అడుగుతే ఏం జెప్పాలె?" దుర్గమ్మ ఆమె పేరు వదిలేసి కింది పేరు చదివింది.

సిద్దిరాములు సంతకం పెట్టలేదు. "నేనైతే పెడ్తనన్న, మీ అమ్మనే సెడగొట్టింది" అన్నాడు శృతితో. ఆ పిల్ల అతన్ని ఒక్క మాట అనలేదు. ఇల్లన్నాక తండ్రుల్ని ఎవరంటారు?

శనివారం వచ్చింది, పోయింది.

సోమవారం నుంచి శృతి కూడా విత్తనాల కంపెనీకి వస్తోంది, తల్లి పక్క స్టూలే. చెయ్యి చురుకని మేస్త్రీ మెచ్చుకున్నాడు. మొదటి రోజు మధ్యాహ్నం సద్ది గిన్నె మూత తీస్తూ, అయిదు రోజుల్లో మొదటిసారి తల్లితో మాట్లాడింది.

"ఒక్క మాటనే గదమ్మా."

బాలనర్సమ్మ పచ్చడి ముద్దలో సగం తుంచి బిడ్డ గిన్నెలో వేసింది. శృతి దాన్ని తిననూ లేదు, తీసెయ్యనూ లేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. ఇటు శృతి, అటు తొమ్మిది మంది ఆడవాళ్ళు, దుర్గమ్మ పెన్ను పట్టుకుని చూస్తోంది. మీరైతే బర్రె అనేవాళ్ళా?