భానుచందర్ గుండుకి ఎవరి మొక్కు?

పలమనేరులో పాలకేంద్రం నడిపే భానుచందర్‌కి ముప్పై నాలుగేళ్లు. పొలం కొంచెం, ఎత్తు కొంచెం, మాటలు ఇంకా కొంచెం. ఘనంగా ఉన్నదల్లా తలనిండా వంకీలు తిరిగిన జుట్టు. మూడు సంబంధాలు తప్పిపోయినా ఆ జుట్టుకి మాత్రం ఎవరూ వంక పెట్టలేదు. నాలుగో పెళ్లిచూపులు శుక్రవారం, చిత్తూరులో. ఇదీ కుదరకపోతే బ్రహ్మచారిగానే మిగిలిపోతానని లోలోపల హడలిపోతున్నాడు.

అతనికి పూర్వీకులంటే గిట్టదు. కారణం చిన్నాయన యోగానంద. రిటైరైన దగ్గర్నుంచీ ఆ మహానుభావుడు నోటుపుస్తకం చంకన పెట్టుకుని, చుట్టాల్లో ముసలివాళ్ల ఇళ్లన్నీ తిరుగుతూ వంశవృక్షం రాస్తున్నాడు. కొత్త తాత దొరికినప్పుడల్లా ఇంట్లోకి కొత్త నియమం దిగేది. ఒక తాతకి పనసపండు పడలేదట, పనస బందు. ఒక అవ్వ మంగళవారం బండి మీంచి పడిందట, మంగళవారం గడప దాటకూడదు. మంగళవారం ఆవులు పాలివ్వడం మానేస్తాయా? పోయినవాళ్లు ఊరుకున్నా ఈయన ఊరుకోడు కదా అని భానుచందర్ పళ్లు నూరేవాడు.

బుధవారం పొద్దున్నే యోగానంద ఊడిపడ్డాడు.

"వదినా, సూడు ఏం దొరికిందో! మన గోవిందయ్య ముత్తాత, ఆవు ఈనలేక అల్లాడతా ఉంటే, ఇంట్లో పెద్దకొడుకు తలనీలాలు ఇస్తానని కొండకి మొక్కుకున్నాడంట. మర్సిపొయినాడు. అప్పట్నించీ ఎవురూ ఇయ్యలే!"

భానుచందర్ తల్లి దేవకమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అందుకేనబ్బా నా బిడ్డకి పెండ్లి కాకుండా ఉండాది!"

"ముత్తాత పాయె, ఆవు పాయె. మద్దెన నా జుట్టు ఏం సేసిందమ్మా? శుక్రారం దాటినాంక ఇస్తాలే."

"సామికే వాయిదా సెప్తావా?" అంది దేవకమ్మ.

గురువారం తిరుమల కల్యాణకట్టలో భానుచందర్ తడితలతో కూర్చున్నాడు. కుడివైపు వంకీలన్నీ ఒళ్లో రాలాయి. పక్కన నిలబడి పుస్తకం తిరగేస్తున్న యోగానంద అప్పుడే నాలిక కరుచుకున్నాడు.

"ఒరే అబ్బోడా, ఈ గోవిందయ్య మనోడు కాదురా. ఇది మీ చిన్నమ్మ పుట్టింటోళ్ల పేజీ."

కత్తి ఆగింది. "మిగతాది ఉంచేదా, తీసేదా సామీ?" అని గుండు చేసే ఆయన మర్యాదగా అడిగాడు.

సగం తలతో చిత్తూరు వెళ్లడం ఊహించుకుని, "తీసెయ్యన్నా" అన్నాడు భానుచందర్. ఏడుపు ఆగలేదు. చూసినవాళ్లు భక్తి అనుకుని అతనికో దండం పెట్టి పోయారు.

శుక్రవారం గుండుకి గంధం పూసుకుని పెళ్లిచూపులకి కూర్చున్నాడు. పెళ్లికూతురు ఐశ్వర్య కాఫీ తెచ్చింది, గుండు చూసింది, తల దించుకుంది. అయిపోయింది నా పని అనుకున్నాడు. ఆమె తండ్రి వెంకటరమణ మాత్రం యోగానంద చంకలోని పుస్తకం చూసి పొంగిపోయాడు.

"మీరూ వంశం రాస్తా ఉండారా! నేనూ రాస్తా ఉండా. ఉండండి, మా ముత్తవ్వ సంగతి సెప్తా" అంటూ బీరువా వైపు లేచాడు.

"వద్దు నాయనా!" అంది ఐశ్వర్య.

"వద్దు మామా!" అన్నాడు భానుచందర్, వరస ఇంకా కలవకముందే.

రెండూ ఒకేసారి వినబడ్డాయి. ఐశ్వర్య తలెత్తి మొదటిసారి అతని మొహం కేసి చూసింది.

"ఈ గుండు మీ ముత్తాతదేనా?"

"మా ముత్తాతది కూడా కాదు. మా చిన్నమ్మోళ్ల ముత్తాతది."

ఐశ్వర్య పకపకా నవ్వింది. "మా ముత్తవ్వకి గొంతులో ముల్లు ఇరుక్కునిందని మూడేండ్లుగా మా ఇంట్లో చేపల్లేవు. మీ ఇంట్లో వండుతారా?"

"ఆదివారం వండిస్తా" అన్నాడు భానుచందర్.