తరుగు పోను

"ఇంకొంచెం వెనక్కి. వెనక్కి రా... చాలు. ఇక దిగు."

కాటా మనిషి కిటికీలోంచి తల లోపలికి లాక్కున్నాడు. లారీ డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దూకి, కాటా ఇనుప పలక మీంచి పక్కకు తప్పుకున్నాడు. "పలక మీద నిలబడితే నిన్ను కూడా పాత ఇనుము ధరకే కొనాలిరా," అన్నాడు కాటా మనిషి. ఈ జోకు అతను రోజూ వేస్తాడు. డ్రైవర్లు రోజూ నవ్వుతారు. నవ్వకపోతే తరుగు ఎక్కడ ఎక్కువ తీస్తాడోనని వాళ్ల భయం.

ఆ యార్డులో తరుగంటే అందరికీ హడలే. విరిగిన గేట్లు, తుక్కు పైపులు, పాత సైకిళ్లు, దేనితో పాటైనా మట్టి వస్తుంది, తుప్పు వస్తుంది, వాన కురిసిన రోజైతే తడి వస్తుంది. అదంతా ఇనుము కాదు కనుక మొత్తం బరువులోంచి కొంత కొట్టెయ్యాలి. ఎంత కొట్టెయ్యాలో యంత్రం చెప్పదు, కాటా మనిషి కళ్లు చెబుతాయి. ఆ కళ్లు ఎప్పుడూ యజమాని వైపే ఒరుగుతాయి. తరుగులో అమ్మేవాడికి పిసరంత కలిసొచ్చిందన్న మాట అక్కడ ఎవరూ విని ఎరగరు.

అతను లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఒక పైపు లాగి, అందులోంచి రాలిన మట్టిని చెప్పుతో కెలికాడు.

"పొలం దున్నుకోవచ్చు దీన్తో," అన్నాడు.

"అంతేం లేదు బాబాయ్. పైపైన అంటుకుంది."

"అంటుకుందో, నువ్వే అంటించావో."

డ్రైవరు నెత్తి గోక్కున్నాడు. బేరం అయిపోయిందని ఇద్దరికీ తెలుసు.

కాటా మనిషి పొట్టివాడు. భుజాలు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు వెడల్పు. కుర్రతనంలో ఇదే యార్డులో లోడు దించేవాడు. నడుం పట్టేశాక యజమాని జాలిపడి కాటా గదిలో కూర్చోబెట్టాడు. అప్పటినుంచీ లోకమంతా అతనికి తూకంగానే కనిపిస్తుంది. పెళ్లికెళితే పెళ్లికూతురి మెడలో నగలు ఎంత తూగుతాయో చూస్తాడు. చావుకెళితే పాడె మోసేవాళ్ల మోకాళ్లు చూసి పోయినాయన ఎంత ఉంటాడో చెప్పేస్తాడు. మంచివాడే. నోరు కాస్త జాస్తి, అంతే. తనకు తెలిసిన ఒక్క విద్యతోనే లోకం మొత్తం నడుస్తోందని నమ్మడం అతని జబ్బు. ఆ జబ్బు మనలో ఎవరికి లేదు గనక.

పెళ్లి ఆలస్యమైంది. పెళ్లయ్యాక పిల్లలు ఇంకా ఆలస్యమయ్యారు. అడిగేవాళ్లు అడిగి అడిగి మానేశాక, ఇక లేదులే అని మంచం కింద దాచిన ఉయ్యాల బల్లను కూడా ఎవరికో ఇచ్చేశాక, అతని భార్యకు నెల తప్పింది. ఇప్పుడు తొమ్మిదో నెల. ఈ బిడ్డ పోతే ఇంకో బిడ్డ రాదని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ పైకి అనలేదు.

మొన్న ఆసుపత్రిలో స్కానింగు చేసినమ్మాయి తెర వైపు చూస్తూ, "బిడ్డ చిన్నగా ఉందండీ. రెండు కిలోలు ఉండొచ్చు," అంది.

"ఉండొచ్చంటే?" అన్నాడు అతను.

"కొలతల్ని బట్టి వేసే అంచనా కదా. కాస్త అటూ ఇటూ ఉంటుంది."

అటూ ఇటూ అన్న మాట వినగానే అతని ముఖం విప్పారింది. ఈ భాష తనకు తెలుసు. పాతికేళ్లుగా తను మాట్లాడుతున్నదే. ఇంత ఉంటుందని గట్టిగా చెప్పడానికి భయపడేవాడు ముందే కొంత కొట్టేసి చెబుతాడు. అంటే యంత్రం కూడా తరుగు తీసే చెప్పిందన్నమాట.

డాక్టరమ్మ ఆ కాగితం చూసి, అతని భార్య చెయ్యి పట్టుకుని పట్టీ చుట్టి చూసి, "బీపీ ఎక్కువగా ఉంది. బిడ్డ పెరగాల్సినంత పెరగట్లేదు. ఇవాళే చేరిపోండి, మా కళ్లముందు ఉంటే మంచిది," అంది.

"ఆదివారం వస్తామండీ," అన్నాడు అతను.

"ఆదివారం దాకా ఆగకూడదు. ఇంటికెళ్లి ఆలోచించుకున్నా సరే, రేపటికల్లా రండి. కదలిక తగ్గినట్టు అనిపిస్తే ఆ నిమిషమే రావాలి. వింటున్నారా?"

వింటూనే ఉన్నాడు. వింటూ లోపల నవ్వుకుంటున్నాడు. కొనేవాడెప్పుడూ సరుకుని మెచ్చుకోడు. తక్కువుంది, తుప్పుంది అని ముందు చప్పరించేసి, తరవాత తనకు కావలసింది అడుగుతాడు. వీళ్లకు కావలసింది ఆపరేషను. పాతికేళ్లుగా లారీవాళ్లకు తను చేస్తున్నది ఇవాళ తనకే చేస్తున్నారు.

భార్యకు మనసు నిలవలేదు. దారిలో, "చేరిపోదామాండీ?" అని అడిగింది. అతను ఆటోని యార్డు వైపు తిప్పించాడు. రాగి, ఇత్తడి తూచే చిన్న కాటా ఒకటుంది అక్కడ. దాని మీద ఆమెను నిలబెట్టాడు. ఆమె తన చెప్పులు పట్టక అతని చెప్పులు వేసుకొచ్చింది. వాటిని విప్పి, సిగ్గుపడుతూ ఎక్కి, పక్కనున్న స్తంభం పట్టుకుంది.

"స్తంభం వదులు. దొంగ తూకం వస్తుంది."

కడుపు రాకముందు ఆమె ఎంత ఉండేదో అతనికి తెలుసు. పెళ్లైన కొత్తలో సరదాకి ఇదే కాటా మీద తూచాడు. నిండు బండిలోంచి ఖాళీ బండిని తీసేస్తే మిగిలేది సరుకు. ఆ తీసివేత మనసులో వేసుకున్నాడు. ఉమ్మనీరని కొంత, అదని ఇదని కొంత, తనే పెద్దమనసుతో కొట్టేశాడు.

"మూడున్నరకి తగ్గదు. నాది పూచీ," అన్నాడు. "రెండు కిలోలట. వాళ్ల మొహం."

ఆమె నవ్వింది. నమ్మాలని ఉంది కనుక నమ్మింది.

అదీ మొన్న. ఇవాళ పొద్దున అతను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆమె మంచం అంచున కూర్చుని కణతలు నొక్కుకుంటోంది. ఉంగరం వేలిని కోసేస్తుంటే రాత్రే సబ్బు రాసి తీసేసింది.

"తల పగిలిపోతోందండీ. కళ్లముందు ఏవో మెరుపులు. రాత్రినుంచి లోపల కూడా పెద్దగా కదల్లేదు."

"కదలడానికి చోటేదీ? మూడున్నర కిలోల మనిషి ఇరుక్కుని కూర్చున్నాడు లోపల. పడుకో కాసేపు. సాయంత్రం తొందరగా వచ్చేస్తా."

కూతురి కాన్పుకని వచ్చిన అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో అనబోయి ఆగింది. అల్లుడి మాటకు అడ్డం చెప్పడం ఆవిడ ఎరగదు. పైగా అల్లుడు అంత ధీమాగా చెబుతుంటే తనకే ఏమీ తెలియదేమో అనుకుంది. అతను చెప్పులేసుకుని వచ్చేశాడు.

మధ్యాహ్నం లారీలు పలచబడ్డాయి. రేకుల షెడ్డు కింద రాగి ఏరే అక్క కాళ్లు చాపుకుని, కాలిన తీగల మీది నల్లటి తొక్క గీకుతోంది. ఆ యార్డులో కాటా మనిషిని "ఒరే" అని పిలవగలిగింది ఆవిడొక్కతే. అతను అన్నం గిన్నె తెచ్చుకుని ఆవిడ పక్కన చతికిలబడ్డాడు.

"ఎలా ఉందిరా మీ ఆవిడ?"

అతను మొన్నటి కథంతా చెప్పాడు. డాక్టరమ్మ గొంతు అనుకరించి మరీ చెప్పాడు. చిన్న కాటా దగ్గరికి వచ్చేసరికి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, తీసివేత కూడా గాల్లో వేసి చూపించాడు.

అక్క నవ్వలేదు. గీకడం ఆపింది.

"నీ చెప్పులేసుకొచ్చిందా?"

"కాళ్లు వాచాయిలే. అంత బరువు మోసే కాళ్లు వాయవా మరి."

"మొహమో?"

"మొహం కూడా నిండుగానే ఉంది."

"నిండుగానా, వాపా?"

అతను నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగాడు. పొద్దున మంచం అంచున చూసిన ముఖం గుర్తొచ్చింది. కళ్లు చిన్నవైపోయి, రెప్పలు ఉబ్బి, నిద్ర లేచి చాలాసేపైనా బుగ్గల మీద దిండు ముడతలు చెరగకుండా ఉన్నాయి.

"తలనొప్పేమైనా అంటోందా?"

"పొద్దున అంది."

"ఒరే," అంది అక్క. గొంతు మెల్లగానే ఉంది. "తడిసిన సరుకొస్తే నీళ్ల బరువు నీళ్లదేనని లారీవాళ్ల పీకలు కోస్తావే. ఆ పిల్ల ఒంట్లో పట్టిన నీరంతా బిడ్డ లెక్కలో ఎలా రాశావురా?"

ఆ ప్రశ్నకు జవాబు అతనికి తెలుసు. రోజూ తనే పదిమందికి చెప్పే జవాబు అది. తీసివేత మళ్లీ మొదటినుంచి వేశాడు. ముఖం తీసేశాడు, చేతులు తీసేశాడు, పాదాలు తీసేశాడు. మిగిలింది డాక్టరమ్మ చెప్పిందే. బహుశా అంతకన్నా తక్కువే.

భయం అంటే ఏమిటో ఆ వయసులో, ఆ షెడ్డు కింద, చేతికి అన్నం మెతుకులుండగా అతనికి తెలిసింది.

ఫోను చేస్తే భార్య తీయలేదు. మళ్లీ చేశాడు. చివరికి అత్తగారు తీసింది. వెనక ఎవరివో మాటలు, స్ట్రెచరు చక్రాల చప్పుడు.

"ఆసుపత్రికి వచ్చేశాం నాయనా. మీరెళ్లిన కాసేపటికే కళ్లు తేలేసింది, ఒళ్లంతా కొట్టుకుంది. పక్కింటాయన తీసుకొచ్చాడు. మీకు చెయ్యడానికి నాకు ఫోను చేతకాలేదు. మీరు రండి."

అతను గిన్నె అక్కడే వదిలేసి లేచాడు. గేటు దగ్గర ఒక లారీ కాటా ఎక్కి నిలబడి ఉంది. డ్రైవరు దిగి, పలక మీంచి పక్కకు జరిగి, నవ్వడానికి సిద్ధంగా చూస్తున్నాడు. కాటా మనిషి అతన్ని దాటుకుని రోడ్డు మీద పడ్డాడు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు బెంచీ మీద కాకుండా నేల మీద కూర్చుని ఉంది. అల్లుణ్ణి చూసి కొంగు సర్దుకుని లేవబోయింది. లేవలేకపోయింది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. ముఖానికి కట్టిన గుడ్డ కిందికి లాగింది. ఆదివారం వస్తామని మొన్న అన్నది ఇతనేనని ఆవిడకు గుర్తుందో లేదో, ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తినా బాగుండేదని తరవాత చాలాకాలం అనుకున్నాడు అతను.

"ఫిట్సు ఆగాయి. ఆపరేషన్ చేసేశాం. ఆమెకి ప్రాణభయం లేదు, కానీ రెండ్రోజులు జాగ్రత్తగా చూడాలి," అంది. "బిడ్డని దక్కించలేకపోయామండీ. వచ్చేసరికే గుండె ఆగిపోయి ఉంది. ఆడపిల్ల."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. అతనికి ఏడుపు రాలేదు. ఏదో అడగాలి, ఏం అడగాలో తెలియలేదు. నోటికి వచ్చింది మాత్రం అదే.

"ఎంత ఉంది?"

డాక్టరమ్మ అతని వైపు ఒక్క క్షణం చూసి, వెనకనున్న నర్సుకు సైగ చేసి వెళ్లిపోయింది. నర్సు అతన్ని పక్కగదిలోకి తీసుకెళ్లింది. తెల్లగుడ్డలో చుట్టిన మూటను చేతుల్లో పెట్టింది.

"రెండు కూడా లేదండీ," అంది మెల్లగా. "తక్కువే."

అటూ ఇటూ అంటే ఇటు కూడా ఉంటుంది. యజమాని వైపే ఒరిగే తూకం కాదది, ఎవరి వైపూ ఒరగదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని ఆ స్కానింగు అమ్మాయి చెప్పిన మాట. అలాంటి మాట అతను జన్మలో ఎప్పుడూ విని ఉండలేదు. విన్నప్పుడు పోల్చుకోలేకపోయాడు.

చేతుల్లో బరువేమీ లేదు. వేళ్లు మాత్రం పొడుగ్గా, వాళ్లమ్మ వేళ్లలా ఉన్నాయి. ముఖం ముసలమ్మలా ముడుచుకుని ఉంది. పాపం తిండి సరిగ్గా అందలేదని చూస్తేనే తెలుస్తోంది. మనుషుల్ని చూడగానే బరువు చెప్పేవాడు, ఈ పిల్లని చూసి ఏమీ చెప్పలేకపోయాడు. అప్పుడు ఏడ్చాడు. నర్సు తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది.

సాయంత్రానికి భార్య కళ్లు తెరిచింది. ఫిట్సులో కొరుక్కున్న పెదవి తెగి ఉంది. అతని చేతిని తడుముకుంటూ పట్టుకుంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, గదిలో ఏ ఏడుపూ వినిపించట్లేదు.

"చిన్నదా అండీ?"

అతను తల దించుకున్నాడు.

"చిన్నదే," అన్నాడు.

"నాకనిపిస్తూనే ఉంది," అంది ఆమె. "మీరు అంత గట్టిగా చెబుతుంటే, నాదే భయమేమో అనుకున్నాను."

తప్పు పడుతూ అన్న మాట కాదది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ చెయ్యి వాపు ఇంకా తగ్గలేదు, అతని వేళ్లు నొక్కిన చోటల్లా గుంటలు పడుతున్నాయి. అవి నిండేదాకా చూస్తూ కూర్చున్నాడు.

చీకటి పడకముందే పక్కింటాయన, అత్తగారి తమ్ముడు వచ్చారు. అతను లేచి వాళ్లతో పక్కగదిలోకి వెళ్లాడు. మూటను తనే ఎత్తుకున్నాడు. పక్కింటాయన చెయ్యి చాపి, "ఇటివ్వు, నడుం నొప్పున్నవాడివి," అన్నాడు. అతను ఇవ్వలేదు. ముగ్గురూ వరండా దాటి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

పక్కగది ఊడవడానికి ఆయా వచ్చింది. గోడవారగా బల్ల మీద పిల్లల్ని తూచే తూనిక ఉంది. దాని పళ్లెంలో పరిచిన పచ్చగుడ్డను ఎవరూ తియ్యలేదు. గుడ్డ మధ్యలో అరచేయి పట్టేటంత నొక్కు ఒకటి అలాగే ఉంది.