ఉక్కుతాడుకు దుప్పటి

మూడో గోనెపట్టాను కూడా తొట్టిలో ముంచి, పిండకుండా భుజాన వేసుకున్నాడు కల్నల్. నీళ్ళు వీపు మీంచి నిక్కరులోకి కారుతున్నా పట్టించుకోలేదు. పడవల్ని ఒడ్డుకి లాగే వించి యంత్రం ఉన్న షెడ్డు నుంచి నీళ్ళ అంచున ఉన్న నీలిరంగు మరపడవ దాకా వాలు మీద ఉక్కుతాడు సాగి ఉంది. దాని మీద పట్టాలను ఒక్కొక్కటే మడిచి వేస్తున్నాడు.

"తాడుకి జలుబు చేసిందా కల్నల్? దుప్పట్లు కప్పుతున్నావు?" అన్నాడు వడ్రంగి.

"నీ బుర్రకి చేసింది. చీదుకుని పక్కకి తప్పుకో." కట్టుడుపళ్ళని నాలుకతో సర్దుకున్నాడు కల్నల్.

ఏళ్ళ తరబడి అదే జోకు. కొత్త జోకు వేసే పాటి తెలివి కూడా ఈ ఊరికి లేదని కల్నల్ అభిప్రాయం.

కల్నల్ అనేది ఎగతాళికి పెట్టిన పేరు. సైన్యంలో అతను నాయక్ దాటి పైకి వెళ్ళలేదు. సముద్రం ఒడ్డున పుట్టి కూడా పడవెక్కితే డోకొచ్చేది. ఊళ్ళోవాళ్ళ నవ్వులు భరించలేకే సైన్యంలో చేరాడు. అక్కడ కొండదారుల్లో లోయలోకి జారిన లారీలను వించితో పైకి లాగే పని. తిరిగొచ్చాక ఊరు చుట్టూ మూగింది.

"ఎంతమందిని చంపావు?"

"ఇద్దరు లారీ డ్రైవర్లని. తిట్టి."

ఊరు ఉసూరుమంది. తుపాకీ పేల్చని సైనికుడు, వల వెయ్యని జాలరి, ఎందుకూ కొరగాడని తేల్చేసింది. బావమరిది తన పడవల యార్డులో పని ఇచ్చి, అక్క మొహం చూసి ఇచ్చానని సాయంత్రానికల్లా పదిమందికీ చెప్పుకున్నాడు.

గోనెపట్టాల సంగతి మాత్రం కల్నల్ ఎవరికీ చెప్పలేదు. లోయ అంచున ఒకసారి తాడు తెగింది. బిగిసిన ఉక్కుతాడు తెగితే కొరడా అవుతుంది. పక్కన బీడీ ముట్టించుకుంటున్న స్నేహితుడు ఆ బీడీ కాల్చలేదు. తడిగోనె బరువుంటే తెగిన తాడు ఎగరదు, అక్కడే కూలబడుతుంది. ఇది చెబితే ఊళ్ళోవాళ్ళు దాన్ని యుద్ధం కథ అనుకుని నోళ్ళు తెరుచుకుని వింటారు. ఆ నోళ్ళు చూడటం అతనికి అసహ్యం.

ఇస్త్రీ చొక్కా, అత్తరు ఘాటుతో బావమరిది దిగాడు.

"బావా, ఆ గుడ్డలు తీసెయ్. పడవ కొనేవాళ్ళొచ్చారు. ఫోటోలు దిగుతారట. చచ్చిన ఎలకల్లా ఉన్నాయవి."

"నీ అత్తరుకన్నా నయం. పనికొస్తాయి."

బావమరిది తానే పట్టాలు లాగి షెడ్డు గోడ దగ్గర పడేశాడు. కొనుగోలుదారుణ్ణీ, భార్యనీ, ఎదిగిన ఇద్దరు కూతుళ్ళనీ తెచ్చి తాడు పక్కనే నిలబెట్టాడు. "వెనక పడవ పైకొస్తుంటే ఫోటో అదిరిపోతుందండీ!"

"వాళ్ళక్కడుంటే నేను లాగను," అన్నాడు కల్నల్.

"లీవరు తొయ్యడానికి సైన్యంలో చేరాలా? తప్పుకో!" బావమరిదే షెడ్డులోకి దూరాడు. ఇంజను హోరెత్తింది. పడవ కదిలింది.

కల్నల్ బయట నిలబడి ఉమ్మేశాడు. చావండి, అనుకున్నాడు. ఈ ఊరు మొత్తం తెగిపోయినా లోకానికి నష్టమేమీ లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. అంతలో తాడులో ఒక పోగు టిక్కున తెగి ముల్లులా పైకి లేచింది.

"ఆపరా!" అని అరిచాడు. ఇంజను హోరులో వినపడలేదు. బావమరిది కొనేవాళ్ళవైపు చూసి పళ్ళికిలిస్తున్నాడు. కల్నల్ తడిపట్టా ఒకటి లాక్కుని వాలు మీదికి పరుగెత్తాడు. జరగండి అంటే ఈ జనం ఎందుకని అడుగుతారని అతనికి బాగా తెలుసు. అందుకే జరగమనలేదు.

"ఏయ్ పీపా! నీ పెళ్ళాం మొహానికి ఫోటో కూడానా? పొండి అవతలికి! మీ కంపుకి చేపలు చస్తున్నాయి!"

ఆ వెనక వచ్చిన మాటలు రాయడానికి పనికిరావు. భార్య కూతుళ్ళ చేతులు పట్టుకుని విసవిసా గేటువైపు నడిచింది. భర్త ఎర్రబడిన మొహంతో ఆమె వెనకే పరుగెత్తాడు. బేరం పోతోందని చూసి బావమరిది లీవరు వదిలేసి షెడ్డులోంచి బయటికి దూకాడు.

కల్నల్ పట్టాను తాడు మీదికి విసిరిన మరుక్షణం తాడు తెగింది. పడవ వైపు ముక్క గోనె బరువుకి చచ్చుగా నేలకి కొట్టుకుంది. తోక మాత్రం ఒక్కసారి విదిలించి, అతని పక్కటెముకల కింద తాకింది. పడవ వెనక్కి జారి నీళ్ళలో దబ్బున పడింది.

బావమరిది పరుగెత్తుకొచ్చి ముందుగా పడవకి గీసుకుపోయిన రంగు చూశాడు. తర్వాత వెళ్ళిపోతున్న కారు చూశాడు.

"బేరం తగలేశావు కదా బావా! ఆడవాళ్ళని అలాగేనా అనేది?"

"ఇంకా చాలా అనాల్సింది. ఊపిరి చాల్లేదు."

"రేపట్నుంచి రాకు!"

వడ్రంగి నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "తాడు తెగిందేం కల్నల్?"

"జలుబు ముదిరింది."

ఒక చెయ్యి పొట్టకి అదుముకుని ఇంటికి నడిచాడు.

"ఇంత తొందరగా వచ్చేశావేం?" అంది భార్య.

"నీ తమ్ముడు పొమ్మన్నాడు."

"ఏం తిట్టావయ్యా?"

"వాణ్ణి కాదు. వాడి వంతు ఇంకా మిగిలే ఉంది."

"మొహం అలా పాలిపోయిందేం?"

"పొద్దుట్నుంచీ నీ తమ్ముడి మొహం చూశాను. ఇంకెలా ఉంటుంది?"

అన్నం వద్దన్నాడు. గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు.

సాయంత్రం షెడ్డుకి తాళం వెయ్యబోయిన బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. లీవరు పక్కన రేకుగోడ కత్తితో కోసినట్టు అడ్డంగా చీలి ఉంది. తెగిన తాడులో షెడ్డు వైపు ముక్క మీద గోనె లేదు. చీలిక సరిగ్గా తన మెడ ఎత్తులో ఉంది. ఆ చీలికలో వేలు పెట్టి చూసి, అక్క ఇంటికి బయలుదేరాడు. రేకు సంగతి ఎత్తకూడదనీ, రేపు పనిలోకి రమ్మని మాత్రం చెప్పాలనీ దారంతా అనుకుంటూ వచ్చాడు.

"పడుకున్నాడు. లేపు," అంది అక్క వంటింట్లోంచి. "నీ వంతు ఏదో మిగిలుందట, తీసుకో."

"బావా," అన్నాడు. తిట్టు కోసం ఆగాడు. రాలేదు. "బావా, రేపు రా."

భుజం మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. పైకి తొలగిన బనీను కింద, పక్కటెముకల నుంచి నడుం దాకా ఒళ్ళంతా నల్లగా కమిలిపోయింది.

"ఏమంటున్నాడ్రా?" అక్క అడుగుతోంది.

మంచం పక్కన స్టీలు గిన్నెలో, నీళ్ళ అడుగున, పై వరస కింది వరస కాస్త ఎడంగా, ఎవరినో ఒక మాట అనబోతున్నట్టు కట్టుడుపళ్ళు ఉన్నాయి.