పన్నెండు కిలోల పరువు

బస్సుల డిపోలో అతన్ని అందరూ స్టెతస్కోపు అంటారు. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లకు వైద్యం చేసేది చెవితోనే మరి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి తగిలించి, కళ్ళు మూసుకుని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఆ మాటకు ఎదురుచెప్పినవాడు లేడు.

ఆమధ్య ఒక డ్రైవర్ వచ్చి, "అన్నా, ఏదో బేరింగ్ గరగరమంటోంది" అన్నాడు. స్టెతస్కోపు విన్నాడు. ఏమీ వినిపించలేదు. తనకు వినిపించలేదంటే లేనట్టే కదా! "బండి బంగారంలా ఉంది, తీసుకుపో" అన్నాడు. ఆ బంగారం నలభై మందితో వంతెన మీద ఆగిపోయింది. డ్రైవర్ తిరిగొచ్చి బస్సు తాళం అతని ముందు పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఈసారి ఏ మలుపులోనో ఆగితే? స్టెతస్కోపుకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సయించింది, ఆ రెండు రోజులదీ కలిపి.

భార్య పోరు పడలేక చెవుల డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. డాక్టరమ్మ చెవులు చూసింది, రక్తం చూసింది, తూకం చూసింది. తొంభై ఆరు. చాలాసేపు ఏదో చెప్పింది.

"ఏమందండీ?" అడిగింది భార్య.

"పరువు తగ్గించుకోమంది."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఏది?"

"పరువే. పన్నెండు కిలోలు."

పరువును కిలోల్లో తూస్తారని అతనికీ ఆరోజే తెలిసింది. చదువుకున్న మనిషి ఊరికే అంటుందా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాడు. భార్య చీటీ లాక్కుని చదివి, "బరువు" అన్నచోట వేలు పెట్టి చూపించి, నవ్వలేక కూలబడింది. ఈలోగా పొయ్యి మీది వేపుడు మాడిపోయింది. ఆ ఇంట్లో అదే ఆఖరి వేపుడు.

చీటీలో ఉన్నది ఇంతే. ఒళ్ళూ, కొవ్వూ, చక్కెరా పెరిగితే చెవిలోని సన్నటి రక్తనాళాలకూ మంచిది కాదు. వయసూ, ఇంజన్ల మోతా చేయాల్సింది చేసేశాయి. పోయిన వినికిడి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. చెవికి మిషన్ పెట్టుకోవాలి. ఈ చివరి మాటను అతను పెడచెవిన పెట్టాడు. ఆ పనికి చెవి ఇంకా బాగానే పనికొచ్చింది.

రెండు నెలలు ఆకులూ కాయలూ తిన్నాడు. ఎవరైనా భోజనమైందా అంటే "మేశాను" అనేవాడు. అయిదు కిలోలు తగ్గాడు. మోకాళ్ళు సంతోషించాయి. చెవులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

అదే డ్రైవర్ మళ్ళీ అదే బస్సు తెచ్చాడు. "అన్నా, మళ్ళీ గరగర." షెడ్డులో అందరూ పనులాపి చూస్తున్నారు. స్టెతస్కోపు స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఏమీ లేదు. "బాగుంది పో" అన్న మాట నోటిదాకా వచ్చింది. వంతెన గుర్తొచ్చింది. భయం వేసింది, సిగ్గు వేసింది. సిగ్గే ఎక్కువ.

పిడిని డ్రైవర్ చేతిలో పెట్టాడు. "నువ్వే వినరా తమ్ముడూ. నాకు వినపడట్లేదు."

మెల్లిగానే అన్నాననుకున్నాడు. షెడ్డు అవతలివాళ్ళకు కూడా వినపడింది.

డ్రైవర్ విన్నాడు. "ఉందన్నా, కుడిపక్క."

విప్పితే పగిలిన బేరింగ్ గుండ్లు అరచేతిలోకి రాలాయి.

సాయంత్రం ఇంటికొచ్చి తూకం మిషన్ ఎక్కాడు. కూరగాయలు తరుగుతూ భార్య రెండుసార్లు అడిగింది, రెండోసారి అరిచి. "ఎంత తగ్గింది?"

"పన్నెండూ తగ్గిపోయిందే."

ఆమె వంగి ముల్లు చూసింది. తొంభై ఒకటి. నిన్నటిదే. తలెత్తి అతని ముఖం చూసింది. ఈసారి నవ్వలేదు, ఏదని అడగలేదు.

"చెవి మిషన్ల కొట్టు ఏడింటిదాకా తీసుంటుందండీ" అంది మెల్లిగా.

"ఆఁ?"

"ఏంలేదు. చొక్కా వేసుకోండి!" అని అరిచింది.