సూరన్న రోడ్డు దాటిన పొద్దు

నాకు నోరెక్కువని మా జాలర్ల పేటంతా అంటుంది. నిజమే. పొద్దున్నే స్కూటీ వేసుకుని మద్దిలపాలెం దాకా వెళ్ళి, మందుల షాపులో రోజంతా బిల్లులు కొట్టి, సాయంత్రం అదే దారిన వెనక్కొచ్చే ఆడదానికి నోరు కూడా లేకపోతే ఇంకేం మిగులుతుంది? జగదాంబ దగ్గర లైటు ఇంకా ఎర్రగా ఉండగానే వెనక నుంచి హారన్ మొదలు. ఎటు పొమ్మంటాడు, ముందున్న బస్సు కిందకా? షేర్ ఆటో వాడికి పక్కన చెయ్యెత్తిన మనిషి కనబడితే చాలు, వెనక ఎవరున్నారో చూడకుండా ఎడమకి కోసేస్తాడు. ఒకరోజు బుల్లెట్ బండి కుర్రాడొకడు రాంగ్ రూట్లో నా మీదకొచ్చి "చూసుకుని పోవే" అన్నాడు. బండి ఆపి, స్టాండు వేసి, వాడి వంశాన్నంతా పేరుపేరునా తలుచుకున్న తర్వాతే కదిలాను.

"పోనీలేయే సుధా. ఆడి పాపాన ఆడే పోతాడు" అంటుంది ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మే మా అత్త కాసులమ్మ. ఆవిడకి దేనికైనా అదొక్కటే మాట. తట్టలో చేపల్ని ముక్కు మూసుకుని కెలికి కొనకుండా పోయినా పోనీలే. కంపు కొడుతున్నావని ఆటోవాడు ఎక్కించుకోకపోయినా పోనీలే. సీతమ్మధార మేడలన్నీ ఎక్కి దిగి మోకాళ్ళు అరిగిపోయాయి గానీ ఆవిడ గొంతు పెరగడం నేను చూడలేదు.

వాడి పాపాన వాడు పోవడం లేదు, అదీ నా మంట. పోయేది మనం.

మా మావ సూరన్న సంగతే చూడండి. నా పెనిమిటి దొరబాబుకి తండ్రి. వయసంతా మరబోటు నడిపే సరంగుగా సముద్రం మీద గడిపాడు. హుద్‌హుద్ తుపాను గాలికి పేటలో రేకులన్నీ కాగితాల్లా ఎగిరిపోతుంటే, బోటు తాళ్ళు తెగకుండా చూసుకుంటానని హార్బర్‌కి వెళ్ళిన మనిషి. ఇప్పుడు బోటు దొరబాబు నడుపుతున్నాడు. అయినా మావ తెల్లారకముందే హార్బర్‌లో ఉండాల్సిందే. ఏ బోటు ఏం తెచ్చిందో చూడాలి, వేలంలో అరుపులు వినాలి, చిరిగిన వల ఏదో ఒకటి ఒళ్ళో వేసుకుని కుట్టాలి. అది లేకపోతే ఆయనకి అన్నం సయించదు.

మా ఇంటికీ హార్బర్ గేటుకీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. ఇదివరకు ఇరుకుగా గోతులతో ఉండేది, ఆ గోతులే మమ్మల్ని కాపాడాయి. తర్వాత వెడల్పు చేశారు, మధ్యలో డివైడర్ కట్టారు, నున్నగా తారు పోశారు. ఇంక చూస్కోండి, ఒకవైపు పోర్టు లారీలు, మరోవైపు బీచ్‌లో గాలి తిని వచ్చే కార్లు. గేటుకి ఎదురుగా డివైడర్‌కి సందు వదిలి, మనుషులు దాటడానికి తెల్ల గీతలు కూడా వేశారు, అబద్ధం చెప్పకూడదు. ఆ గీతలు చూసి ఆగిన బండిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

శివరాత్రి వెళ్ళిన కొద్దిరోజులకి మావని ఆ గీతల మీదే కారు గుద్దింది. కాలు ఎముక రెండు చోట్ల విరిగింది.

గుద్దిన కుర్రాడి పేరు ఉమామహేష్. ఆస్పత్రికి వచ్చాడు, అంతవరకు నయమే. కానీ వచ్చి ఏమన్నాడో వినండి. "నా తప్పేం లేదండీ. ఆయన పరిగెత్తి ఉంటే ఏమీ అయ్యేది కాదు. చెయ్యెత్తి రోడ్డు మధ్యలో బొమ్మలా నిలబడిపోయారు."

దొరబాబు నోరు మూసుకున్నాడా? లేదు. "నాన్నదే తప్పు. పరిగెట్టొచ్చు కదేటి" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గీతల మీదున్న ముసలాయన పరిగెట్టాలేటి? ఆ బండికి బ్రేకున్నాదా, లేదంటే హారనొక్కటే అమ్మినారా?" అని అరిచాను. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది. గుద్దినవాడు లోపల, నేను బయట. న్యాయం అలా ఉంది.

సాయంత్రం మావ పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "ఎందుకు నిలబడిపోనావు మావా? ఎనక్కైనా రావలసింది కదా."

ఆయన కట్టు కట్టిన కాలు వైపు చూసుకున్నాడు. "సముద్రం మీద వలేసున్నోడు కదలకూడదే అమ్మీ. కదిలితే ఎదురొచ్చీవోడికి నువ్వెటెల్తావో తెలీదు. నిలబడి సెయ్యెత్తితే ఆడే తిప్పుకుంటాడు. ఎంత పెద్ద బోటైనా తిప్పుకుంటాడు. ఇన్నేళ్ళూ ఎవడూ నా మీదకి రాలేదు" అన్నాడు. "ఈ కుర్రోడు నన్ను సూసినాడు. కళ్ళలోకి సూసినాడు. సూసి కూడా వచ్చీసినాడు" అన్నాడు.



కాలు అతుక్కుంది. కర్ర పట్టుకుని నడవమన్నాడు డాక్టరు. మావ ఇంట్లో నడుస్తాడు, సందులో నడుస్తాడు, రోడ్డు అంచు దాకా వస్తాడు. హారన్ వినబడగానే కర్ర పట్టుకున్న చెయ్యి వణకడం మొదలవుతుంది. వెనక్కి వచ్చి గుమ్మంలో కూర్చుంటాడు. నా స్కూటీ మీద దాటిస్తానన్నా ఎక్కడు. అక్కడ నుంచి రోడ్డు అవతల బోట్ల జెండాలు కనబడతాయి. రోజంతా వాటినే చూస్తాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలంటాడు. తుపానుకి భయపడని మనిషికి కార్లు భయం నేర్పాయి. ఆయన్ని అలా చూసినప్పుడల్లా రోడ్డు మీద పోయే ప్రతి బండి అద్దం పగలగొట్టాలనిపించేది.

అంతలో వేట నిషేధం అయిపోయే రోజు వచ్చింది. ఎండాకాలంలో చేప గుడ్లు పెట్టే రెండు నెలలూ బోట్లు కట్టేసి ఉంచుతారు. జూన్ నడుమ మళ్ళీ సముద్రంలోకి వెళ్ళే రోజు మాకు పెద్ద పండగ. ఇంట్లో దీపం వెలిగించి, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టి గంగమ్మ తల్లికి పళ్ళెం సర్దుతాం. చెప్పుల్లేకుండా ఇంటి నుంచి బోటు దాకా నడిచే తీసుకెళ్ళాలి. ఆ పూట బండెక్కకూడదు. ఇంటి పెద్ద కొబ్బరికాయ కొట్టాక, ఆ పళ్ళెం బోటులోనే పెట్టి పంపుతాం. అది అమ్మవారితో పాటు వేటకెళ్ళి, వేటతో పాటు తిరిగి రావాలి.

కాయ ఎప్పుడూ మావే కొట్టేవాడు. "నాన్న కొట్టకపోతే బోటు తియ్యను" అని చెప్పి దొరబాబు ముందే హార్బర్‌కి వెళ్ళిపోయాడు.

"ఆణ్ణే కొట్టీమను. బోటిచ్చీసినాను, కొబ్బరికాయ కూడా ఇచ్చీసినాను" అన్నాడు మావ గుమ్మంలో కూర్చునే. అన్నాడు గానీ, తెల్లారకముందే తలస్నానం చేసి, కొత్త పంచె కట్టి, నుదుట కుంకుమ పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలో కూర్చోడానికి కొత్త పంచె ఎవరైనా కడతారా?

"లే మావా. నాను దాటిత్తాను" అన్నాను.

"నీ వల్ల కాదే."

"అవుతాదో లేదో సూద్దువు గాని, లే."

షాపుకి ఆ రోజు సెలవు పెట్టాను. అత్త పళ్ళెం పట్టుకుంది. మావ కర్ర పట్టుకున్నాడు. రోడ్డు అంచున అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు ఖాళీ తట్టలతో నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో పాపం. బండి మీద బండి, సందు లేదు. నేను చెయ్యెత్తి గీతల మీదకి దిగాను.

మోటార్‌సైకిలొకటి నా వెనక నుంచి దూరిపోయింది. ఇంకోటి ముందు నుంచి. దూరం నుంచి పెద్ద తెల్ల కారు లైట్లు కొడుతూ వస్తోంది. మన దగ్గర లైట్లు కొట్టడమంటే దారి ఇచ్చానని కాదు, నేను వస్తున్నాను, బతకాలని ఉంటే తప్పుకో అని. పరిగెత్తమని కాళ్ళు తొందరపెడుతున్నాయి. మావ మాట గుర్తొచ్చింది. నిలబడ్డాను.

బ్రేకు కీచుమంది. నా మోకాలికి జానెడు దూరంలో ఆగింది. ముందు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఊగుతున్నాయి. అద్దం దించి ఒకాయన తల బయటపెట్టాడు. బాగా చదువుకున్న ముఖమే. పక్కన భార్య ఉంది.

"చావడానికి నా కారే దొరికిందా? రోడ్డు నీ అబ్బ సొమ్మనుకున్నావా?"

"కాదు బాబూ. మీ అబ్బది కూడా కాదు. మా మావ దాటీదాకా ఆగండి."

"నాకు పనుంది, జరుగు!"

"మాకూ ఉంది పని. గీతలు కనపడ్డం లేదేటి?"

వెనక హారన్లు మొదలయ్యాయి. ఒకటి కాదు, పది కాదు, చెవులు పగిలిపోతున్నాయి. నేను వెనక్కి తిరిగి "మావా, రా!" అని అరిచాను. మావ కాలు కింద పెట్టలేకపోతున్నాడు. ఇక్కడ ఈ కారాయన ఏం చేస్తున్నాడు? బండిని అంగుళం అంగుళం ముందుకి జరుపుతున్నాడు. బంపరు నా మోకాలికి తగిలింది. నొక్కుతున్నాడు. మనిషినని తెలిసి, ఆడదాన్నని తెలిసి, నెట్టేస్తున్నాడు. అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చింది మా అత్త. పోనీలే కాసులమ్మ. తాపీగా నడుచుకుంటూ వచ్చి, ఆ కారు బానెట్ మీద గంగమ్మ పళ్ళెం పెట్టేసింది. వెలుగుతున్న దీపంతో సహా.

"అమ్మోరి పళ్ళెం బాబూ" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు తోలు. దీన్ని పడీసి తోలీ సూద్దాం."

ఆయన చెయ్యి దానంతటదే తాళం దగ్గరికి వెళ్ళి ఇంజను ఆపేసింది. అదే చెయ్యి కళ్ళకి అద్దుకున్నాడు. లోపల ఆయన భార్య రెండు చేతులూ జోడించింది. వెనక వాళ్ళకి దీపం కనబడిందో, మాట చెవిన పడిందో, హారన్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఎవడో హెల్మెట్ తీసి దండం పెట్టాడు.

సంతోషించాలి కాబోలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణమున్న మోకాలికి ఆగనివాడు ఇత్తడి పళ్ళేనికి ఆగాడు. కారు గుద్దిన ఆ రోజు మా మావ చేతిలో పళ్ళెం లేదు, ఉన్నది ఖాళీ చెయ్యి. అదే ఆయన చేసిన తప్పు.

మావ కాలు కింద పెట్టాడు. గీత దాటి గీత మీద కర్ర వేసుకుంటూ వచ్చాడు. నా పక్కకి వచ్చేసరికి "నువ్వు కదలకే అమ్మీ" అన్నాడు, సరంగు గొంతుతో. నేను కదల్లేదు. తట్టల ఆడవాళ్ళు ఆయన వెనకే దాటేశారు. అత్త పళ్ళెం తీసుకోగానే ఆ కారు ఇంజను రేగింది, పాత హారన్ పాతగానే మోగింది. ఆ భక్తి ఆయుష్షు అంతే.

డివైడర్ సందు దాటి రెండోవైపుకి అత్తే ముందు నడిచింది, పళ్ళెం చాచి పట్టుకుని. పోర్టు లారీ ఆగింది, దాని వెనక బస్సు ఆగింది. మమ్మల్ని చూసి కాదు.

బోటుకి కొత్త రంగు వేశారు, బంతిపూల దండలు కట్టారు. తండ్రిని చూసి దొరబాబు ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని బోటు దగ్గరికి తీసుకెళ్ళాడు. మావ కాయ కొట్టాడు. ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. అత్త పళ్ళెం అందించింది, దొరబాబు కళ్ళకద్దుకుని ఇంజను గదిలో అమ్మవారి పటం ముందు పెట్టాడు. బోటు కదిలింది. మావ ముఖంలో పాత వెలుగు చూసి నా కోపం కూడా కాస్త దిగింది. వల కుప్ప మీద కూర్చుని టీ అడిగాడు, ఇంకో టీ అడిగాడు, పక్కవాళ్ళ బోటు మీద వంక పెట్టాడు. మా మావ మాకు తిరిగొచ్చాడనుకున్నాను.

బోట్లన్నీ వెళ్ళిపోయాక ఆయన తిరిగి రోడ్డు వైపు చూశాడు. గేటు అవతల బండ్లు ఆగకుండా పోతూనే ఉన్నాయి. కర్ర దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మీ."

"ఏటి మావా?"

"పళ్ళెం దొరబాబుతోటి సముద్రంలోకి ఎల్లిపోనాది కదా. మరి మాపటికి నానింటికెలాగొత్తాను?"

నేను అత్త వైపు చూశాను. "ఇంకో పళ్ళెం ఉన్నాదిలే" అంది అత్త.

"ఎక్కడున్నాదే?" అన్నాడు మావ.

అత్త చెయ్యెత్తి రోడ్డు అవతల మా ఇంటి వైపు చూపించింది.