లచ్చమ్మ కోడికూర

మా అన్న సమ్మయ్య ఒక్క నిజం చెప్పి ఉంటే మా తమ్ముడు ప్రశాంత్ ఇంకొన్నాళ్లు బతికేవాడు.

రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే తమ్ముణ్ణి జనగామలో దవాఖానకు తీసుకుపోయాం. "మీ ఇంట్ల ఎవరన్న కడుపు రోగంతోటి పోయిన్రా?" అని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు.

"లేరు సార్."

బయటికొచ్చాక అడిగాను. "మరి అవ్వ?"

"అవ్వకు లచ్చమ్మ మందు పెట్టింది గదరా. గది రోగమెట్లయితది?"

మమ్మల్ని కన్న అవ్వ తిండి సయించక, ఎండిపోయి చనిపోయి ఇరవై రెండేళ్లు. భూపాలపల్లిలో ఉండే ఆమె చెల్లెలు లచ్చమ్మే కోడికూరలో మందు కలిపిందని తేల్చింది అన్నే. అవ్వను మందు కక్కించేవాడి దగ్గరికి తిప్పాడు. చిన్నమ్మను పంచాయితీలో నిలబెట్టాడు. నేనూ అన్న పక్కనే నిలబడ్డాను, అది వేరే మాట.

తమ్ముడు ఏడు నెలలు గ్యాస్ గోలీలు మింగాడు. హైదరాబాద్‌లో గొట్టం వేసి చూసేసరికి కడుపు లోపల క్యాన్సర్‌తో తోలులాగా గట్టిపడింది. ఏడో తరగతితో బడి మానేసిన నాకు అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఒంట్లో కణాలను ఒకదానికొకటి అంటిపెట్టే జిగురు ఒకటి ఉంటుందట. మా అవ్వ వైపు రక్తంలో ఆ జిగురే చెడిందట. పట్టు తప్పిన కణాలు గడ్డ కట్టవు, ఒక్కొక్కటిగా ఊడి కడుపు గోడంతా పాకుతాయి. అందుకే తొందరగా కనబడవు.

"తల్లి సంగతి మొదట్లోనే చెప్పి ఉంటే అప్పుడే గొట్టం వేసేవాళ్లు" అంది.

ప్రశాంత్ పోయాక మా ఇద్దరికీ రక్తపరీక్ష చేశారు. అన్నకు లేదు. నాకుంది. రోగం రాకముందే కడుపులోని తిండిసంచి మొత్తం తీయించుకోమన్నారు. తల్లి వైపు ఎవరెట్లా పోయారో కనుక్కొని రమ్మన్నారు. చెప్పగలిగింది ఒక్క చిన్నమ్మే.

భూపాలపల్లి పోయేసరికి ఆమె గడప మీద చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు.

"చిన్నమ్మా, అమ్మమ్మ ఎట్ల పోయింది?"

"గిట్లనే. రెండు బుక్కలకే కడుపు నిండుతుండె. గప్పుడు అడిగితిరా? నన్ను చెప్పనిచ్చిన్రా?" కాసేపు గింజలు తీసింది. "నేను పెట్టిన మందు ప్రశాంత్ దాక పాకిందా, బిడ్డా?"

గింజలు పక్కకు నెట్టి లేచింది.

"అన్నం తిని పో. భయమైతే వద్దు."

తిన్నాను.

వచ్చే నెల ఆపరేషన్. దానికోసం మహబూబాబాద్ దగ్గరున్న నా వాటా భూమి అమ్మేశాను. కొన్నది సమ్మయ్యే. ఎకరం పద్నాలుగు గుంటలు.